నుమాయిష్‌లో కొన్న స్పేస్ షటిల్ బొమ్మ: షోకేసులో పెట్టేలా మార్చాలి, సలహా కావాలి

గూట్లో_బొమ్మ
జూన్ 14, రాత్రి 10:20

అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

1998 జనవరిలో హైదరాబాద్ నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో నాన్న మాకో స్పేస్ షటిల్ బొమ్మ కొన్నారు. కల్పనా చావ్లా మొదటిసారి అంతరిక్షానికి వెళ్లొచ్చి అప్పటికి నెల దాటిందంతే, ఇంట్లో రోజూ అదే మాట. పెట్టె మీద కంపెనీ పేరు కూడా లేని బొమ్మ, సగానికి సగం బేరమాడి తెచ్చారు. ముక్కు నుంచి తోక దాకా 62 సెంటీమీటర్లు. పైన రెండు తలుపులు తెరుచుకుంటాయి, మీట నొక్కితే ఎర్రలైటు, కుయ్‌కుయ్‌మని చప్పుడు. అక్కా నేనూ దాన్ని మేడమెట్ల మీద దొర్లించాం, నీళ్ల తొట్టిలో దింపాం, పక్కింటి కుక్కను కూడా ఎక్కించబోయాం.

మొన్న నాచారం ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద దొరికింది. తెల్ల ప్లాస్టిక్ కాస్తా పసుపు పచ్చగా తిరిగింది. ఒక చక్రం లేదు. బ్యాటరీ గదిలో తెల్లటి పొక్కు. పారేయబుద్ధి కాలేదు. హాల్లో పెట్టుకుంటే చూసినవాళ్లు ‘పిల్లల బొమ్మ’ అనకుండా ‘మోడల్’ అనేలా చేయాలని ఉంది. రంగులు వేయడం రాదు. సోల్డరింగ్ కాలేజీలో పట్టుకున్నదే. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎమరీపేపర్
జూన్ 14, రాత్రి 11:05

రంగు సంగతి తర్వాత. ముందు అది ఏ ప్లాస్టిక్కో తెలుసుకోవాలి. లోపల కనపడని చోట చిన్న ముక్క కత్తిరించి నీళ్ల గ్లాసులో వేయండి. మునిగితే ఏబీఎస్ గానీ పాలీస్టైరీన్ గానీ అయ్యుంటుంది, రంగూ జిగురూ రెండూ పడతాయి. తేలితే పాలీప్రొపిలీనో పాలిథీనో. అప్పుడు మీ కష్టాలు మొదలైనట్టే, వేసిన రంగు గోరు పెడితే పొరలా లేచొస్తుంది. ముక్కకు గాలి బుడగలు అంటుకుంటే మునిగేది కూడా తేలుతుంది, కాబట్టి వేలితో ఒకసారి లోపలికి ముంచి వదలండి.

విప్పేటప్పుడు ఒక అట్ట మీద బొమ్మ ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో ఆ చోటే గుచ్చండి. నేను అన్నీ ఒకే డబ్బాలో వేసి ఒకప్పుడు చాలా ఏడ్చాను.

మల్కాజిగిరి_మామ
జూన్ 15, ఉదయం 6:50

పసుపు పోవాలంటే హైడ్రోజన్ పెరాక్సైడ్. బ్యూటీ పార్లర్ సామాను అమ్మే షాపులో 12 శాతం పెరాక్సైడ్ ఉన్న డెవలపర్ క్రీము (జుట్టు రంగులో కలిపేది) దొరుకుతుంది. చేతికి గ్లౌజులేసుకుని పూసి, పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి ఎండలో పెట్టండి. ఆరిపోకుండా చూసుకోవాలి, ఆరితే మచ్చలు పడతాయి. మన ఊరి ఎండకి ఒక పూట చాలు.

ఎమరీపేపర్
జూన్ 15, ఉదయం 9:12

మామా, రంగు వేసేదాన్ని తెల్లగా చేయడం ఎందుకు? సున్నం కొట్టబోయే గోడకి పౌడరు రాసినట్టుంది.

మల్కాజిగిరి_మామ
జూన్ 15, ఉదయం 9:30

రంగు వేయకుండా వదిలే చోటు ఒకటుంటే పనికొస్తుందని చెప్పాను బాబూ. పైగా జూన్‌లో ఎండ ఉన్నప్పుడే చెప్పాలి కదా.

ఓం_లా
జూన్ 15, మధ్యాహ్నం 1:40

బ్యాటరీ గది గురించి. అందరూ నిమ్మకాయ రుద్దమంటారు, ఆగండి. ఆల్కలైన్ సెల్ కారితే వచ్చేది క్షారం, దానికి నిమ్మరసం, వెనిగర్ సరైనవే. కానీ ఆ రోజుల్లో మన కిరాణా కొట్లో దొరికిన మామూలు పెన్సిల్ సెల్స్ ఎక్కువగా జింక్ కార్బన్‌వి. వాటినుంచి కారేది ఆమ్ల గుణం ఉన్నది. దానికి వంట సోడా కొద్దిగా నీళ్లలో కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్దాలి. ఏ సెల్ అన్నది పైన రాసి ఉంటుంది, చూసి చేయండి.

లోపల చప్పుడు చేసే చిన్న బోర్డు ఉంటుంది. పని చేసినా చేయకపోయినా పారేయకండి, ఒక కవర్లో వేసి పెట్టండి.

లష్కర్_స్కేల్
జూన్ 15, రాత్రి 8:15

నిజం ఆర్బిటర్ (రెక్కలున్న షటిల్ విమానం) పొడవు 37.2 మీటర్లు. మీది 62 సెంటీమీటర్లు. అంటే సరిగ్గా అరవయ్యో వంతు. లెక్కకి ఇంత గుండ్రటి సంఖ్య రావడం మీ అదృష్టం, ఇక అన్నిటినీ 60తో భాగించుకుంటూ పోవడమే. రెక్కల వెడల్పు 23.8 మీటర్లు కాబట్టి మీకు 39.7 సెంటీమీటర్లు ఉండాలి. సరుకు గది 18.3 మీటర్లు, మీకు 30.5 సెంటీమీటర్లు. కొలిచి చెప్పండి.

గూట్లో_బొమ్మ
జూన్ 16, రాత్రి 9:48

ముక్క మునిగింది! సెల్స్ జింక్ కార్బన్‌వే, వంట సోడాతో శుభ్రమైంది. ఓం_లా గారికి థాంక్స్.

కొలతలు మాత్రం నవ్వొచ్చేలా ఉన్నాయి. రెక్కలు 36, సరుకు గది 24. బొమ్మతో వచ్చిన వ్యోమగామి 9 సెంటీమీటర్లు.

లష్కర్_స్కేల్
జూన్ 16, రాత్రి 10:10

అంటే 5 మీటర్ల 40 సెంటీమీటర్ల మనిషి. మన పాత డబుల్ డెక్కర్ బస్సు పక్కన నిలబడితే పైఅంతస్తు వాళ్లు తలెత్తి చూడాలి.

రెక్క ఒక్కో వైపు 1.85 సెంటీమీటర్లు తక్కువ. చివర కోసి, సన్నటి ప్లాస్టిక్ షీటుతో పొడిగించాలి. లేదా రాయదుర్గం టీ-వర్క్స్‌లో త్రీడీ ప్రింటింగ్ చేయించుకోవచ్చు. సరుకు గది అయితే మొత్తం పైభాగం కొత్తగా కట్టాలి. కష్టమే గానీ చేస్తే సరిగ్గా చేయాలి కదా.

ఎమరీపేపర్
జూన్ 16, రాత్రి 10:31

లష్కర్ అన్నా, మొదటి ప్రాజెక్టు వాడికి రెక్కలు కోయమని చెప్పకు. సగం కోసి అటక మీదే పెట్టేస్తాడు.

నేను ఇన్నేళ్లలో చూసింది చెప్తా. రెక్క రెండు సెంటీమీటర్లు తక్కువైందని హాల్లోకొచ్చిన చుట్టం కనిపెట్టడు. కానీ మూడు వాటిని మాత్రం ఆమడ దూరం నుంచి కనిపెడతాడు. మెరుపు, అతుకుల సందులు, కిటికీలు. అసలు షటిల్ పైభాగం తెల్లటి పలకలూ, కుట్టిన బొంతల్లాంటి వేడి నిరోధక గుడ్డా, ఎక్కడా తళతళ ఉండదు. బొమ్మ మాత్రం కొత్త బకెట్‌లా మెరుస్తుంది. ఇక కిటికీలు: బొమ్మలు చేసేవాళ్లు వాటిని పెద్దగా పెడతారు, పిల్లలకి ముఖంలా కనపడాలని. కళ్లు పెద్దవైతే ఏదైనా బొమ్మే. కిటికీలు నింపేసి చిన్నవి చెయ్యి, స్క్రూ గుంతలు పూడ్చు, మ్యాట్ రంగు వెయ్యి. సగం దూరం అక్కడికే వచ్చేస్తావు.

పూడ్చడానికి పుట్టీ కొననక్కర్లేదు. బొమ్మ లోపల పనికిరాని దిమ్మెలుంటాయి, వాటిని ముక్కలు చేసి గాజు సీసాలో అసిటోన్ పోసి రాత్రంతా ఉంచు. పొద్దునకి గట్టి పెరుగులా అవుతుంది. అదే ప్లాస్టిక్ కాబట్టి తర్వాత పగుళ్లు రావు. ఆరేకొద్దీ కుంగుతుంది, రెండు మూడు పూతలుగా పెట్టు. కిటికీ తెరిచి, మంటకి దూరంగా. పాత చవక బొమ్మల రంగులో సీసం ఉండొచ్చు, కాబట్టి పొడిగా గీకొద్దు. వాటర్ పేపర్ అనే గరుకు కాగితం తడిపి రుద్దు, మాస్కు పెట్టుకో.

లష్కర్_స్కేల్
జూన్ 16, రాత్రి 11:02

కిటికీల మాట ఒప్పుకుంటున్నా. రెక్కల మాట ఒప్పుకోను.

గూట్లో_బొమ్మ
జూన్ 29, రాత్రి 10:05

రెక్కలు కోయలేదు, లష్కర్ గారూ ఏమీ అనుకోకండి. అసిటోన్ పెరుగు అద్భుతం. కిటికీలు పూడ్చి, నల్ల కాగితం మీద గీసుకుని చిన్నగా కోశాను. నిజంగానే ముఖం మారిపోయింది, మా ఆవిడ ‘ఇది వేరే బొమ్మా’ అంది.

ఒక ప్రశ్న. ఇది ఏ షటిల్ అవ్వాలి? నాకు కల్పనా చావ్లా వెళ్లిన కొలంబియా చేయాలని ఉంది.

లష్కర్_స్కేల్
జూన్ 29, రాత్రి 10:40

కొలంబియా అయితే రెండు గుర్తులు తప్పకుండా ఉండాలి. రెక్క పైభాగంలో, ఒంటికి కలిసే ముందు భాగం నల్లగా ఉంటుంది, మిగతా షటిల్స్‌కి అది లేదు. రెండోది తోక కొసన లావుపాటి గొట్టంలాంటి ఉబ్బు. తిరిగొచ్చేటప్పుడు రెక్క ఎంత వేడెక్కుతుందో కొలవడానికి పెట్టిన పరికరం కోసం చేసింది, ప్రయోగాలు ఆపేశాక కూడా అలాగే ఉండిపోయింది. బాల్ పెన్ను మూత సగానికి కోసి అతికిస్తే సరిపోతుంది. ఈ రెండూ ఉంటే తెలిసినవాళ్లు పేరు చదవకుండానే గుర్తుపడతారు.

రంగుల హద్దులు: పొట్ట నలుపు, పైన తెలుపు, ముక్కు కొస, రెక్కల ముందంచు బూడిద రంగు. ఆ అంచు కార్బన్‌తో చేసిన పలకలు, ఒక్కో రెక్కకి 22.

గూట్లో_బొమ్మ
జూలై 13, సాయంత్రం 6:20

నాశనం చేశాను. బాల్కనీలో నల్ల లాకర్ రకం రంగు స్ప్రే కొట్టాను, పొద్దున వాన పడి ఆగింది. ఆరాక పొట్ట దగ్గర నలుపంతా పాలు ఒలికినట్టు తెల్లబారింది. తుడిస్తే పోవట్లేదు.

మల్కాజిగిరి_మామ
జూలై 13, సాయంత్రం 6:45

వానాకాలంలో లాకర్ కొడతారా! పూత ఆరేటప్పుడు చల్లబడి గాలిలో తేమను లాక్కుంటుంది, ఆ తెలుపు అదే. ఏం కాలేదు. పొడిగా ఉన్న రోజు చూసి మధ్యాహ్నం వేళ అదే నలుపు పల్చగా ఒక్క పూత కొట్టండి. డబ్బాను ముందు గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచండి, వేడి నీళ్లు కాదు. ఇంకో మాట, ఎనామిల్ మీద లాకర్ ఎప్పుడూ వేయకండి, ముడతలు పడి మజ్జిగ మీగడలా లేస్తుంది. లాకర్ మీద ఎనామిల్ అయితే ఫర్వాలేదు.

ఎమరీపేపర్
జూలై 13, రాత్రి 8:00

మామ చెప్పింది కరెక్టు. పౌడరు సంగతి మాత్రం ఇంకా ఒప్పుకోను.

గూట్లో_బొమ్మ
జూలై 27, రాత్రి 9:15

పోయింది! నలుపు తిరిగొచ్చింది. కానీ పొట్ట ఇప్పుడు ఇనుప పెనంలా నున్నగా ఉంది. అసలుదానికి పలకలుంటాయి కదా. మొత్తం మీద సుమారు 24 వేల పలకలట, ఒక్కోటి దాదాపు 15 సెంటీమీటర్లు. అరవైతో భాగిస్తే రెండున్నర మిల్లీమీటర్లు. పెన్సిలుతో మొదలుపెట్టి నలభై గీతల తర్వాత లేచి చాయ్ తాగడానికి పోయాను.

సుల్తాన్‌బజార్_లేసు
జూలై 27, రాత్రి 10:50

ఇన్నాళ్లూ మీవి చదువుతూ ఊరుకున్నాను, ఇది మాత్రం నా లెక్క. లేసులూ ఊలూ అమ్మే దుకాణంలో క్రాస్ స్టిచ్ ప్లాస్టిక్ కాన్వాస్ అడగండి, అంగుళానికి పది గళ్లది. ఒక్కో గడి 2.54 మిల్లీమీటర్లు. మీకు కావలసింది అదే కదా తమ్ముడూ? పొట్టకి మొదట ముదురు బూడిద రంగు వేసి, బాగా ఆరాక కాన్వాస్ ఆనించి పైనుంచి నలుపు పల్చగా కొట్టండి. గళ్లలోంచి నలుపు పడుతుంది, పోగులున్న చోట బూడిద గీత మిగులుతుంది. స్ప్రే నిటారుగా పట్టుకోవాలి, వాలిస్తే కిందికి పాకుతుంది. ముందు ఒక అట్ట మీద చూసుకోండి.

లష్కర్_స్కేల్
జూలై 27, రాత్రి 11:20

లేసు గారూ, దండం. ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నా, నాకీ ఉపాయం తట్టలేదు. ఒక్క చేర్పు: పొట్ట మీద పలకలు ఏటవాలుగా ఉంటాయి, కాన్వాస్ తిప్పి డైమండ్ ఆకారంలో పెట్టండి. ఇంకోటి, అన్నీ ఒకే నలుపు కాదు. వెళ్లొచ్చిన కొద్దీ పాతవి బూడిదబారతాయి, మార్చినవి కారునల్లగా ఉంటాయి. తర్వాత సన్న బ్రష్‌తో అక్కడక్కడా ఒక్కో గడి నల్లగా దిద్దండి. ఎక్కువ వద్దు, నలభై యాభై చాలు.

గూట్లో_బొమ్మ
ఆగస్టు 10, రాత్రి 9:30

లేసు అక్కా, మాటల్లేవు. రెండు చోట్ల రంగు పాకింది, దాన్ని తిరిగొచ్చేటప్పటి వేడికి పడ్డ మరకని చెప్పుకుంటున్నా.

ఇంజన్లు మిగిలాయి. బొమ్మవి వేలెడంత లేవు. లెక్క ప్రకారం గంట ఆకారపు ఇంజన్ గొట్టం మూతి దాదాపు 4 సెంటీమీటర్లు రావాలి. ఇంట్లో దగ్గు మందు సీసాల కొలత కప్పులు మూడు దొరికాయి, కొలత అచ్చంగా సరిపోయింది. వెండి రంగు వేసి పెట్టాను. పొద్దున మా వాడు ముట్టుకుంటే రంగు మొత్తం తొడుగులా ఊడి వాడి చేతిలోకొచ్చింది.

ఎమరీపేపర్
ఆగస్టు 10, రాత్రి 9:52

నీళ్లలో వేసి చూశావా?

గూట్లో_బొమ్మ
ఆగస్టు 10, రాత్రి 9:58

తేలింది :(

ఎమరీపేపర్
ఆగస్టు 10, రాత్రి 10:10

పాలీప్రొపిలీన్. కార్ల బంపర్లు కూడా ఎక్కువగా ఆ జాతివే. మీ దగ్గర్లో ఏ డెంటింగ్ పెయింటింగ్ షెడ్డుకైనా వెళ్లి బంపర్‌కి కొట్టే ప్రైమర్ కొంచెం కొట్టమను, చాయ్ డబ్బులిస్తే చేస్తారు. కప్పును ముందు వాటర్ పేపర్‌తో రుద్ది, సబ్బుతో కడిగి తీసుకెళ్లు. రంగు వేశాక కప్పు చుట్టూ సన్న రాగి తీగ నాలుగు చోట్ల చుట్టు. అసలు ఇంజన్ గంటకి బయట అలాంటి కట్లు ఉంటాయి.

ఓం_లా
ఆగస్టు 11, ఉదయం 8:20

లైట్ల సంగతి ఎవరూ ఎత్తట్లేదు. సెల్స్ వద్దు, మళ్లీ కారతాయి. పాత ఫోన్ చార్జర్ 5 వోల్టులు చాలు. సరుకు గదిలో రెండు తెల్ల ఎల్ఈడీలు, కాక్‌పిట్‌లో ఒకటి. తెల్లదానికి 3 వోల్టుల పైచిలుకు పోతుంది, మిగిలిన దాదాపు 2 వోల్టులకి 220 ఓమ్‌ల రెసిస్టర్, ఒక్కోదానికి విడిగా. కోఠి గుజరాతీ గల్లీలో అన్నీ ఒకే కొట్లో దొరుకుతాయి. కాక్‌పిట్ లోపల ముందు నలుపు, దాని మీద తెలుపు వేయండి. లేకపోతే ప్లాస్టిక్‌లోంచి వెలుగు కారి ముక్కంతా బెడ్ ల్యాంపులా మెరుస్తుంది.

కొత్తగా_చేరాను
ఆగస్టు 11, రాత్రి 7:00

ఇలాంటి పెద్ద పాత బొమ్మలు ఎక్కడ దొరుకుతాయి?

మల్కాజిగిరి_మామ
ఆగస్టు 11, రాత్రి 7:25

ఎర్రగడ్డ ఆదివారం సంత. పొద్దున్నే వెళ్లాలి. చేతిలో కనపడేలా డబ్బులు పట్టుకోకండి, రేటు పెరుగుతుంది.

గూట్లో_బొమ్మ
సెప్టెంబర్ 7, రాత్రి 11:40

దాదాపు అయిపోయింది. అక్షరాలు మా వీధి చివర బండ్ల నంబర్ ప్లేట్లు చేసే రేడియం షాపులో కోయించాను. ఆయన ‘ఇది ఏ బండి సార్’ అని అడిగాడు.

ఇవాళ రెక్కల ముందంచు మీద పలకల గీతలు గీశాను. కుడి రెక్కవి 22 పలకలూ ఒక్క గంటలో అయిపోయాయి. ఎడమ రెక్క ఒంటి వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తుంటే ఎనిమిదో పలక దగ్గర చెయ్యి ఆగింది. కొలంబియా 2003 జనవరి 16న బయల్దేరిన దాదాపు 82 సెకన్లకి ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క తగిలింది అక్కడే. ఫిబ్రవరి 1 శనివారం, కల్పనా చావ్లాతో తిరిగొస్తూ అది ముక్కలైంది. ఆ సాయంత్రం మేం నుమాయిష్‌లో ఉన్నాం, మిర్చి బజ్జీలు తిని ఇంటికొచ్చి టీవీ పెడితే అదే వార్త. ఈ బొమ్మను అటక మీద పెట్టింది ఆ రాత్రే. ఎవరు పెట్టారో నాకు గుర్తులేదు. అక్కేమో నేనే అంటుంది.

కాసేపు ఆగి మిగతా గీతలు గీశాను.

లష్కర్_స్కేల్
సెప్టెంబర్ 8, ఉదయం 7:10

ఆ పలకకి వేరే గుర్తేమీ పెట్టకండి. మిగతావాటిలాగే ఉండనివ్వండి.

గూట్లో_బొమ్మ
సెప్టెంబర్ 8, ఉదయం 7:45

అలాగే ఉంచాను అన్నా.

ఎమరీపేపర్
సెప్టెంబర్ 8, ఉదయం 9:00

పెట్టె ఏం చేస్తున్నావు? మన ఊరి దుమ్ముకి మ్యాట్ రంగు మీద వారంలో బూజు కడుతుంది, తుడిస్తే రంగు మెరుస్తుంది. అక్వేరియం చేసేవాళ్లు గాజుతో చవగ్గా అతికిస్తారు గానీ 70, 50, 40 సెంటీమీటర్ల పెట్టెకి నాలుగు మిల్లీమీటర్ల గాజైతే 13 కిలోలు. మూడు మిల్లీమీటర్ల యాక్రిలిక్ అయితే ఐదు లోపే. ఎత్తి దించేది నువ్వే కాబట్టి ఆలోచించుకో.

గూట్లో_బొమ్మ
అక్టోబర్ 5, రాత్రి 10:15

యాక్రిలిక్‌కే వెళ్లాను. ఫోటోలు పెట్టాను చూడండి. సరుకు గది లోపల మాత్రం రంగు వేయలేదు. అక్కడ అక్క బాల్ పెన్నుతో ‘ఇది నాది, తమ్ముడిది కాదు’ అని రాసింది, ఆరేళ్ల వయసు చేతిరాత. మల్కాజిగిరి మామ క్రీము ఆ చుట్టుపక్కల మాత్రమే పూసి, రాత మీద పడకుండా టేపు వేసి ఎండబెట్టాను. ఎమరీ అన్నా, పౌడరు పనికొచ్చింది.

మల్కాజిగిరి_మామ
అక్టోబర్ 5, రాత్రి 10:20

🙏 జూన్ 15 పోస్టు ఎవరైనా ఒకసారి చదవండి.

ఎమరీపేపర్
అక్టోబర్ 5, రాత్రి 10:34

చదివాను మామా. ఓడిపోయాను.

లష్కర్_స్కేల్
అక్టోబర్ 5, రాత్రి 10:50

చాలా బాగుంది. రెక్కలు 3.7 సెంటీమీటర్లు తక్కువ.

గూట్లో_బొమ్మ
అక్టోబర్ 6, రాత్రి 8:30

చిన్న సమస్య. ఇవాళ నాన్న చూడ్డానికొచ్చారు. చుట్టూ తిరిగి చూశారు, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. పెట్టె పైకెత్తమన్నారు. ఎత్తాను. ఆ మీట నొక్కారు. మళ్లీ నొక్కారు. ‘కుయ్‌కుయ్ ఏదిరా, దానికే కదా ఎక్కువ డబ్బులిచ్చింది’ అన్నారు.

ఓం_లా గారూ, ఆ బోర్డు కవర్లోనే ఉంది. అప్పట్లో మూడు పెన్సిల్ సెల్స్‌తో నడిచేది. చార్జర్ 5 వోల్టులు ఇస్తే కాలిపోతుందా?

ఓం_లా
అక్టోబర్ 6, రాత్రి 8:41

మూడు సెల్స్ అంటే నాలుగున్నర వోల్టులు. మధ్యలో ఒక 1ఎన్4007 డయోడ్ పెట్టండి, దాదాపు 0.7 వోల్టు అక్కడ పోతుంది, బోర్డుకి 4.3 అందుతుంది. సెల్స్ కొంచెం వాడినట్టు ఉంటుంది, అంతే. గీత ఉన్న వైపు బోర్డు వైపుకి ఉండాలి. స్పీకరు అట్ట చిరిగితే పల్చగా ఫెవికాల్ పూసిన టిష్యూ ముక్క అతికించండి.

గూట్లో_బొమ్మ
అక్టోబర్ 6, రాత్రి 8:47

రేపు కోఠి వెళ్తున్నా. డయోడ్ ఒకటి చాలా, రెండు తీసుకోనా?

ఓం_లా
అక్టోబర్ 6, రాత్రి 8:50

పది తీసుకోండి. ఒక్కటి అడిగితే కొట్టువాడు మొహం చూస్తాడు.